తేమ

ఎనుమాముల యార్డుల
ఓదేలు పత్తిలకు మీటరు గుచ్చిండ్రు.
పద్నాలుగు.
"నీళ్లకు పైసలియ్యం" అన్నడు అడ్తిదారు.

నిజమే, ఆ నీళ్లు ఓదేలువి గావు.
మొన్న శాయంపేట చేన్ల మీద మంచై దిగినయి,
అంతకుముందు గోదారిల ఉన్నయి,
అంతకన్నా ముందు
ఎవరి దండెం మీది తడిచీరెలనో.

బస్తాలిప్పి ఎండకు పరిచిండు.
పొద్దుగూకేదాక పక్కనే కూసున్నడు
రుమాలుతోని మెడ తుడుసుకుంట.
పత్తిలకెల్లి కొంత, మెడ మీదికెల్లి కొంత
కనవడకుంట మీదికి వోయింది.
మీటరు తొమ్మిది జూపింది.
బస్తాకు మూడు కిలోలు తరుగు.

వాపసు ట్రాలీల వస్తుంటే
ములుగు రోడ్డు కాడ చినుకులు.
నాలిక జాపి ఒకటి వట్టిండు.
సప్పగున్నది.

"అన్ని తీస్కపోయి
ఉప్పొక్కటి నాకే ఇడిసిపెట్టినవా?"
అనుకుంట మెడ తడుముకున్నడు.