దుమ్మెత్తి పోసుకున్న రాత్రి

చూరు నీళ్ళ దగ్గర మొదలైంది.
సెవెరినో రేకుల మీది వాన
మా వంటింటి గోడలోకి దిగేది.
ఏడేళ్ళు ఆయనా, మా ఆయన మెలెన్సియో
గోడకి అటొకరు ఇటొకరు నిలబడి
దుమ్మెత్తి పోసుకున్నారు, నోటితోనే.
వాళ్ళ పెద్దపిల్ల పోయినప్పుడు
నేనొక్కదాన్నే కొవ్వొత్తి పట్టుకెళ్ళాను,
అదీ దొడ్డిదారిన.

ఆ శనివారం మధ్యాహ్నం రెండింటికే
కోళ్ళు గూట్లోకి దూరాయి.
పినతుబో అప్పటిదాకా మాకు కొండ కూడా కాదు,
పొలాల వెనకాల ఒక నీలం గీత.
ముత్తాతల నాటినుంచీ నోరెత్తనిది
ఆ వేళే నోరు తెరవాలా?
అదే పూట తుఫానూ దిగింది,
ఒక చుట్టం వెంట మరో చుట్టంలా.
పైనుంచి పడేది వాన కాదు, మన్ను కాదు,
కలిపిన సిమెంటు.
దీపం కనపడేది,
దాన్ని పట్టుకున్న చెయ్యి కనపడేది కాదు.

చర్చిలో ఇసుక వేస్తే రాలనంత జనమని
ఎవరో కుర్రాడు పరుగెత్తుకొచ్చి చెప్పాడు,
మమ్మల్నీ రమ్మన్నాడు.
అత్త నడవలేదు. ఉండిపోయాం.
ఇసుక నిజంగానే వేస్తున్నాడు పైవాడు.
అది రాలడం లేదు, రేకుల మీదే కూర్చుంటోంది.

దూలం మూలిగింది.
మెలెన్సియో తలమీద అన్నం గిన్నె బోర్లించుకుని
పార పట్టి నిచ్చెనెక్కాడు.
కింద నేను, కుట్టుమిషను బల్ల మీద నిలబడి
దూలానికి వెదురు గుంజ ఆనించి పట్టుకున్నాను.
మిషను కింద నా కూతురు పసింగ్.
భూమి కదిలినప్పుడల్లా
గుడ్డ లేని సూది తనంతట తానే నాలుగు కుట్లు వేసేది.
జపమాల మధ్యలో ఆపి మా అత్త
"పెసలు పొయ్యి మీదే ఉన్నాయే" అంది.

పార చప్పుడు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.
అది ఆగితే మనిషి లేనట్టే.
నూట పది. నూట పదకొండు.
అప్పుడు రెండో పార వినపడింది.
గోడవతల సెవెరినో.

మా ఆయన ఎత్తిపోసింది సెవెరినో కప్పు మీద,
సెవెరినో ఎత్తిపోసింది మా కప్పు మీద.
ఆ కన్ను కానని చీకట్లో
ఒకే బూడిదని గంటన్నర సేపు
ఇచ్చిపుచ్చుకున్నారు ఇద్దరూ.
కిందున్న నాకే తెలుస్తోంది, గుంజ మీద
బరువు తగ్గడం లేదు.
అరిచాను.
కొండ ముందు నా గొంతెంత?

ఎర్రగా ఒక మెరుపు.
అందులో చూసుకున్నారట,
గిన్నె పెట్టుకున్నవాడొకడు,
పిల్లల స్నానపు తొట్టి నెత్తినెత్తుకున్నవాడొకడు.
ఏడేళ్ళ తర్వాత సెవెరినో అన్న మొదటి మాట:
"సందులోకి పొయ్యరా, గాడిదా."

సందులోకి పోశారు.
తెల్లారిందో లేదో తెలీదు,
రెండు పారలూ ఒక్కసారే ఆగాయి.
నా ఊపిరీ ఆగింది.
కప్పు మీంచి గొంతు:
"పెసలు మిగిలాయా? ఇద్దరికి."

మా వీధిలో పదకొండు కప్పులు కూలాయి.
చర్చి కప్పు కూడా.
ఆ కుర్రాడు మా గడపలోంచి
మళ్ళీ అటే పరుగెత్తాడు.
పేరు అడగలేదు నేను.

తర్వాత ప్రతి వానకీ కొండ కొంచెం కొంచెం
ఊళ్ళోకి నడిచొచ్చింది.
ఇప్పుడు మా కిటికీయే మా గుమ్మం.
తేలికరాళ్ళు ఏరి పసింగ్ బస్తాల్లో అమ్ముతుంది,
ఎక్కడో జీన్సు ప్యాంట్లు వెలిసేలా ఉతకడానికట.
కొత్తవాటిని పాతవి చేయడానికి
మా బూడిద కొంటారట.

గోడ మోకాలెత్తే మిగిలింది.
మొన్న మంచి వాన పడితే
సెవెరినో చూరు మళ్ళీ మా వంటింట్లోకి కారింది.
ఇద్దరూ ఆ గోడ మీదే పక్కపక్కన కూర్చుని
మొదలెట్టారు.
నేను లోపల మిషను దగ్గర, అలవాటు కొద్దీ,
లెక్కపెడుతున్నాను.
నూట పది.
నూట పదకొండు.