బటవాడా శనివారం

ముగ్గురు వచ్చినారు ఎర్రగుంట్లకు,
బొంబాయి నుంచి ఇద్దరు, ఇంకా దూరం నుంచి గడ్డం పెద్దాయన ఒకరు.
పాలిషు ఫ్యాక్టరీ వెనక రేకుల గదిలో
ప్లాస్టిక్ కుర్చీల మీద బూడిదరంగు రాతిపొడి.
తుడిచినా మళ్ళీ వచ్చి కూచుంటాది.

ఎదురుగా చాప మీద సుంకులమ్మ.
నడుమ నేను, ఇటు మాట అటు మార్చేదాన్ని.

"పేరుకు అర్థం?" అన్నాడు పెద్దాయన.
"మా అవ్వ మొక్కుకున్న దేవర," అనింది.
దాచొచ్చు. దాచలేదు.
నేనూ దాచొచ్చు, దాచలేదు.

"యూదురాలు ఎందుకు కావాలనుకుంది?
ఇల్లిస్తారనా? ఇంకో దేశం తీసకపోతారనా?"
ఆ ప్రశ్నలు నా నోట్లోంచి పోతావుంటే
అన్నంలో రాయి కొరికినట్టుంది.

ఆమె నవ్వింది.
"బండ మంచిదో కాదో మేము కొట్టి చూస్తాం సామీ.
లోపల పగులుంటే మోత బొంగురుపోతాది.
నన్నూ కొట్టి చూడండి."
రెండు సార్లు విడమర్చి చెప్పినా
చిన్నాయన రాసుకున్నది ఒకటే: పత్రాలు లేవు.

క్వారీలో బటవాడా శనివారం.
ఆరేండ్లుగా ఆ పొద్దు ఆమె చెయ్యి చాచలేదు.
సోమవారం పోతే మేస్త్రి యాభై కోసుకుంటాడు,
"నీ దేవుని వాటా" అని ఎకసెక్కంగా.
ఆరేండ్లు. వారానికి యాభై.
దాన్ని ఏ ఫైల్లో అంటించాలో ఎవరికీ తెలీలేదు.

మా అమ్మ వైపు వాళ్ళు కొంకణంలో గానుగ తిప్పినోళ్ళు.
శనివారం ఎద్దును విప్పేస్తారని
శనివారం నూనెవాళ్ళనే ఊరు పిలిచింది.
వీళ్ళెవరని ఎవరో వచ్చినప్పుడు
నిలిచిపోయిన గానుగను చూసి పోల్చుకున్నారంట.
ఎద్దును పత్రం అడగలేదు.

ఆ మాట ఎత్తబోతే
పెద్దాయన చెయ్యెత్తినాడు. మార్చడమే నా పని.

వాకిట్లో నాలుగిండ్ల వాళ్ళు నిలబడి ఉన్నారు.
అందరికంటే గట్టిగా అరిచింది యాకోబు,
పోయినేడే కాగితం అందుకున్నోడు:
"వచ్చినోళ్ళందర్నీ కలుపుకుంటా పోతే ఎట్ల?"

లోపల ఒకాయన ఔనన్నాడు. ఒకాయన కాదన్నాడు.
పెద్దాయన, వచ్చే ఏడు చూద్దామన్నాడు.

అది శుక్రవారం. పొద్దు గుంకుతా ఉంది.
నేనింకా ఆ మాటను తెలుగులోకి తెస్తానే ఉన్నా,
సుంకులమ్మ గబుక్కున లేచింది,
దీపాలకు ఆలస్యమైతాదని.

తెల్లారి నేను కడప బస్సెక్కినా.
చిల్లర తీసి టికెట్టు కొన్నా.
నన్నెవరూ ఏమీ అడగలేదు.