తిరుగు ఆయిలు

వేట నిషేధం మొదలై తొమ్మిదో రోజు.
కళింగపట్నం ఇసక మీద
పడవలన్నీ ఒడ్డెక్కి ఒక పక్కకి ఒరిగాయి.
ఇంజను విప్పి, గోనెసంచిలో చుట్టి, మంచం కిందకి తోసేశాక
మా అయ్యకి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
వల కన్నాలు కుట్టాడు, లేని కన్నాలు కూడా కుట్టాడు.
ఆఖరికి నా పక్కన కూలబడి
‘ఏటే గుంటా, ఆ పోన్లో సముద్రమేటి?’ అన్నాడు.

చెప్పాను.
ఇవి ఆరుమూలల గళ్లు. ఇది నీ దళం, అది నాది.
చూపు ఆనినంత మేరే వెలుతురు, మిగతాదంతా మసక.
యుద్ధనౌక ఫిరంగి మూడు గళ్లు కొడుతుంది.
విమానాలు మోసే ఓడకి ఫిరంగే లేదు,
కానీ దాని వీపు మీంచి లేచింది ఎనిమిది గళ్లు పోతుంది.
లావుగా ఉన్నది గెలవదు,
కనపడకుండా కొట్టేది గెలుస్తుంది.
‘అంటే తాడు పొడుగున్నోడిదే చేప’ అన్నాడు.

కాసేపాగి,
ఎనిమిది కాదు, నాలుగే అన్నాడు.
‘పోడానికి నాలుగు, రాడానికి నాలుగు.
తిరుగు ఆయిలు లెక్కెయ్యకుండా పోతారేటే ఎవులైనా?’
ఆ సంగతి నాకు తెలియడానికి
నిరుడు దసరా సెలవుల్లో
పదకొండు దళాలు నీళ్లలో పడ్డాయి.

మూలనున్న గాలి బాణం ఎందుకో నేను చెప్పనేలేదు.
ముక్కు గాలికెదురు తిప్పితేనే ఓడ మీంచి విమానం లేస్తుంది.
మొదటి ఆటలోనే తిప్పాడు.
‘అలకైనా గాలికైనా మొకం సూపాల,
పక్క సూపితే పోతావు.’

జలాంతర్గామి మాత్రం ఆయనకి నచ్చలేదు.
పెద్ద ఓడ చుట్టూ నాలుగు చిన్నవి కాపలా తిరక్కపోతే
అది కింద నుంచి వచ్చి కొట్టి పోతుంది.
‘ఆ దొంగబుద్దేటి?’ అని ఈసడించుకున్నాడు.
ఇరవయ్యో రోజుకి
వంశధార మొగలాంటి ఒక ఇరుకులో
మూడింటిని అడుగున పడుకోబెట్టి
నా సరుకు ఓడల్ని ఒక్కొక్కటే మింగించాడు.
మొహంలో సిగ్గన్నది లేదు.

అమ్మ కవళ్లు ఎండేస్తూ ఒకసారి వంగి చూసింది.
‘ఇంత సముద్రముంది, ఇందల ఒక్క చేపైనా లేదేటి?’
మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

ఎక్కువసార్లు ఆయనే ఓడేవాడు.
నేను చివరి వంతులో ఎనిమిది గళ్లూ తోలేసేదాన్ని.
ఓడ మునిగితే నూట ఇరవై పాయింట్లు,
దళం పోతే పదిహేనే.
లెక్క సరిపోతుంది.
ఆయనకెందుకో సరిపోయేది కాదు.
వాన గడిలో దిగడం కష్టమని
గెలిచే దెబ్బ వదిలేసి వెనక్కి పిలిచేవాడు.
‘భయమా అయ్యా?’ అన్నానొకసారి.
నవ్వలేదు, కోప్పడలేదు.
‘పొద్దుగూకినాక లైటుహౌసు కాడ
నీల్లకేసి సూసుకుంటా కూకున్నోలని
నువ్వు సూడ్లేదు’ అని,
నా సరుకు ఓడ ఇంకోటి ముంచాడు.

జూన్ పద్నాలుగు రాత్రి ఆట సగంలో ఆగింది.
రెండు గంటలకే నలుగురొచ్చి ఇంజను మోసుకుపోయారు.
తెల్లారి ఫోను తెరిస్తే ఆయన వంతు:
ఆరు విమానాలు గాల్లో,
ఒక్క కదలికకే ఆయిలు.
నేను నొక్కచ్చు. వేలు దాకా వెళ్లింది.
తెర మీద గాలి తూర్పు నుంచి,
బయట తాటాకు చప్పుడు నైరుతి నుంచి.
రోజంతా ఫోను ఛార్జింగులోంచి తియ్యలేదు.

పొద్దుగూకి గంటయ్యాక వచ్చాడు.
చేపలు తక్కువే. అమ్మ పళ్లెం పెట్టింది.
ఉప్పు చేతులు లుంగీకి తుడుచుకుని
‘ఇలాగియ్యే’ అని ఫోనందుకుని
ఒక్కొక్క విమానాన్నీ దించాడు.
ఆరోది దిగాక మళ్లీ ఒకసారి లెక్కెట్టి,
అప్పుడు అన్నంలో చెయ్యెట్టాడు.