ఛాట్

అవ్వ అయిదింటికి లేస్తది.
ఆమె చేతులు ఏడున్నరకు లేస్తయి.
అప్పటిదాక చాయ్ గ్లాసును
రెండు అరచేతుల నడుమ
గూట్లకెల్లి పడ్డ పిట్టపిల్ల లెక్క పట్టుకుంటది.
రాత్రంత ఎవరో కీళ్లల్ల సిమెంటు పోసిపోయినట్టు.

కోరుట్లల మా వాడకట్టంత ఎరిగిన చేతులవి.
ముప్పై ఏండ్లు ఒళ్లో చాట పెట్టుకొని
తునికాకు కత్తిరించి, జర్ద పోసి, చుట్టి, మూతి మలిచి,
దారం తిప్పి,
ఇరవై అయిదుకో కట్ట,
ఎన్ని ముచ్చట్లు నడిచినా లెక్క తప్పలే.
నా ఇంటర్ ఫీజు, నా బీఎస్సీ, నా మొదటి జీతం రాకముందటి బస్ పాసు
ఆ వేలికొసల మీదికెల్లి దిగినయే.

కరీంనగర్ల డాక్టరు కాగితం తీసి అడిగిండు:
మీ ఇంట్ల ఇంకెవరికన్న ఉండెనా?
"మా అవ్వకుండె సారూ. వాతమన్నరు.
వావిలాకు నీళ్లు పోసినం, ఉప్పు కాపడం పెట్టినం.
ఆఖరుకు బువ్వ గూడ మేమే కలిపి పెడ్తుంటిమి."
ఆయన గీతలతోటి ఒక చిన్న చెట్టు గీసిండు.
గుండ్రాలు ఆడోళ్లట, నలుపు నింపినయి నొప్పులోళ్లట.
అమ్మమ్మ నలుపు. అవ్వ నలుపు.
కింద నా గుండ్రం ఉత్తగనే ఉన్నది,
పెన్ను దాని మీద జరసేపు ఆగింది.

నేను కాలేజీల జంతుశాస్త్రం చెప్త.
పొడుగు బఠానీ, పొట్టి బఠానీ
బోర్డు మీద పదకొండేండ్లసంది గీస్తున్న.
ఇది బఠానీ గాదు.
ఆరో క్రోమోజోము మీద ఒక రాత,
దాని ఎనుక ఎక్కడెక్కడివో ఇంకో వంద,
అన్ని గుసగుసలే,
ఒక్కటి గూడ గట్టిగ హుకుం చెయ్యది.

అవ్వకు కంపిని ముచ్చటల చెప్పిన:
"ఛాట్ తీసే టేకేదారు యాదికున్నడా,
వంకరున్నదని, మూతి సరిగ లేదని
మంచి బీడీలు సుత విరిచి పారేసెటోడు?
మన పెయిల అసొంటోడు ఒకడుంటడు.
ఏది మనది, ఏది పరాయిదని చూసే నమూనా
వానికి అమ్మమ్మ కాడికెల్లి వచ్చింది.
జర్ద దుమ్మో, ఏదన్న జెరమో
మన సొంత మాంసం మీద ఒక అక్షరం మార్చిందనుకో,
వాడు మనయే విరుస్తడు."
అవ్వ జరసేపు ఆలోచించింది.
"మరి విరిచినదానికి పైసలెవడు కడ్తడే?"

మెట్‌పల్లి నుంచి ఎల్లుబాయి సిన్నమ్మ వచ్చింది.
అవ్వ మల్లుబాయి, ఆమె ఎల్లుబాయి.
ఒక్క కాన్పు, ఒక్క మాయ, ఒక్క తీరు ముక్కు,
ఆరో క్రోమోజోము మీద అక్షరం తేడా లేని రాత.
ఆమె సుత బీడీలే చేసింది.
అదే ఆకు, అదే జర్ద, అదే దగ్గు.
ఆమె వేళ్లు మాత్రం లేత బెండకాయలు.

కవలల్ల ఒకలకొస్తే
రెండోవాళ్లకు రానిదే ఎక్కువని చదివిన.
పుస్తకంల అది ఒక్క లైను.
మా అర్రల అది మంచమెక్కి కూసొని
అక్క నెత్తికి నూనె రాస్తది,
జడ వేస్తది, రవిక గుండీలు పెడ్తది,
మొఖం మాత్రం చూడది.
"నాకెందుకు రాలేదే పిల్లా?"
అటుకుల డబ్బ ఎనుక నిలబడి మెల్లగ అడిగింది,
ఏదో ఎత్తుకపోయినదాని లెక్క.
నా దగ్గర జవాబు లేకుండె.
డాక్టరును అడిగితే ఆయన గూడ
తెలువదనే అన్నడు, మంచోడు.

ఆ రాత్రి అవ్వ
సిన్నమ్మ చెయ్యి తన ఒళ్లెకు గుంజుకున్నది.
వంకరబోయిన బొటనవేలితోటి
ఒక్కొక్క కణుపు ఒత్తి చూసింది,
కొనబోయే కూరగాయ చూసినట్టు.
"మంచిగనే దాసినవు," అన్నది,
"నా చేతులు."

నాకు సుత పరీక్ష ఉన్నదట.
చేయించుకున్నా తెలిసేది సగమేనట.
పొద్దుగాల దుప్పట్లనే పిడికిలి పడ్త, ఇప్పుత.
ఇరవై అయిదు సార్లు, కట్ట లెక్క.
ఇయ్యాల నడిమివేలు జర ఆలస్యం చేసింది.
సలికి కావచ్చు.
నిన్న నాలుగు క్లాసులు చాక్‌పీసు పట్టినందుకు కావచ్చు.

వంటింట్లకెల్లి అవ్వ పిలిచింది,
చక్కెర డబ్బ మూత తియ్యిపొమ్మని.
పోయి తీసిన.