సగం కరెంటు

ల్యాప్‌టాప్ అమ్మేసి
దానితోబాటు ఒక పసుప్పచ్చ డబ్బా కూడా
బండి వెనకనుంచి దింపేడు తవిటినాయుడు,
ఆయాసపడుతూ, రెండు చేతుల్తో.
"ఇది లేకుండా గోడకి పెట్టీకు, ఢిల్లీసరీ.
పైదేశం సరుకు. మన రెండొందల ముప్పై
దానికి అరగదు.
దీన్లోంచి నూటపది వస్తాది. చాలు."

పదేళ్లు సింగపూరు ఓడల కడుపుల్లో
వెల్డింగు చేసినవాడు. కాదనడానికి నేనెవర్తిని,
కాశీబుగ్గ జీడి బట్టీకి
ఇంట్లో కూచుని జమాఖర్చు రాసేదాన్ని.

డబ్బా మూలన చేరింది.
రాత్రంతా సన్నగా గొణుక్కుంటూనే ఉంది,
నిద్రలో బాకీలు లెక్కపెట్టుకునే మనిషిలాగ.

మూడోనాడు
చార్జరు వీపుమీద చీమకాళ్లంత అక్షరాలు
ఫోను కెమెరాలో పెద్దవి చేసి చదివేను.
నూరునుంచి రెండువందల నలభై దాకా
ఏదిచ్చినా సరేనంటోంది ఈ నల్ల ఇటుక.
అంటే గోడా సరే, డబ్బా సరే.
మరి ఏది?

అమ్మని పిలిచేను.
ముప్పై ఏళ్లు జీడిగింజలు కొట్టిన చేతులు,
సొన తినేసిన వేళ్లు.
బేంకు మిషను మీద ముద్ర పడదు,
గిన్నె కాలినా తెలీదు.
అందుకని వంగి, చార్జరుకి చెంప ఆనించింది.
చిన్నప్పుడు నా జ్వరం చూసింది కూడా అలాగే.

డబ్బాలోంచి పెట్టిన రోజు: "కాల్తందే."
గోడకి పెట్టిన రోజు: "నులివెచ్చన. ఇదే నయం."

ఎందుకో చెప్పేను.
ఒత్తిడి సగానికి తగ్గితే
అంత పనికీ రెట్టింపు కరెంటు లాక్కోవాలి,
ఆ లాక్కోడమే వేడి.
అమ్మ చాటలో పప్పు ఏరుతూ తలెత్తలేదు.
"సగం కూలిచ్చి
రెట్టింపు గింజలు కొట్టమన్నట్టు. నాకు తెల్దేటి?"

సాయంత్రం ఆరయింది.
బట్టీల డ్రయ్యర్లు, కొబ్బరితోటల మోటార్లు
ఒక్కసారే దప్పిక్కొన్నాయి.
ఫేను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదించింది,
ట్యూబులైటు కళ్లు నులుముకుంది.
మీటరు పెట్టి చూస్తే నూటడెబ్బై.
ఎందుకైనా మంచిదని డబ్బాకి మార్చేను.
సగం చేసిన నూటడెబ్బై, ఎనభై అయిదు.
చార్జరు దీపం ఆరిపోయింది.
మళ్లీ గోడకి పెట్టేను. వెలిగింది.
ఉన్నదాంట్లో తక్కువైతే ఓర్చుకుంటుంది,
తక్కువని మళ్లీ బద్దచేసి ఇస్తే
దానిక్కూడా ఒక హద్దుంది.
గుండు పప్పు ధర వేరు, బద్ద ధర వేరు,
రోజూ నేను రాసే లెక్కే.

ఆదివారం తవిటినాయుడొచ్చేడు.
నవ్వుతూ చెప్పేను, డబ్బా అక్కర్లేదని.
అతను నవ్వలేదు.
డబ్బామీద దుమ్ము లుంగీ కొసతో తుడిచేడు.
"అక్కడ డ్రిల్లులన్నీ నూటపదే.
మిషను కోసరం కాదు.
నీళ్లలో నిలబడి పట్టుకున్నోడు
తెగిన వైరు తగిలినా చచ్చిపోకూడదని.
మొదటిరోజే చెప్పేరు మాకు.
నా బతుకులో నా కోసరం
ఎవుడైనా కరెంటు తగ్గించడం అదే మొదలు."

ఇప్పుడతను సోంపేటలో గేట్లు చేస్తాడు.
హవాయి చెప్పులు,
టేపు చుట్టిన వైరు,
వానొస్తే తలమీద గోనెపట్టా.
రెండొందల ముప్పై.

అమ్మ టీ ఇచ్చింది. గ్లాసు వేడి తెలీక
అంచుదాకా పోసేసింది.
అతనూ తెలీనట్టే పట్టుకున్నాడు.

"తీసుకెల్లిపోతాను," అన్నాడు.
తాడుతో బండికి కట్టేం ఇద్దరం.
దానికి సరిపడే డ్రిల్లు ఒక్కటీ
మా చుట్టుపక్కల లేదు.
మందస రోడ్డు మలుపు దాకా
పసుప్పచ్చగా కనిపించింది.
నేను లోపలికొచ్చి
ఆగిపోయిన లెక్క తెరిచేను.