పదిహేను సెకన్లకోసారి

ఉట్రెక్ట్. డెబ్బై తొమ్మిది, నవంబరు.
కాలువ మీద పొగమంచు.
మూడో అంతస్తులో, కిటికీలకు నల్లకాగితం అంటించిన గదిలో
నా ఉద్యోగం చూడడం.

గాజుపెట్టెలో ఒక తెల్ల ఎలుక.
నా చెవిలో చిన్న యంత్రం, పదిహేను సెకన్లకోసారి టిక్కుమంటుంది.
ఆ టిక్కు దగ్గర
ఎలుక ఒళ్ళు తోముకుంటుంటే గీత,
లేకపోతే చుక్క.
యాభై నిమిషాలు, రెండు వందల టిక్కులు.
తల గోక్కునే తీరిక లేదంటారే,
నా విషయంలో అది సామెత కాదు.
నేను గోక్కుంటే
దాని గోకుడొకటి లెక్క తప్పిపోతుంది.

సీసాల మీద పేర్లుండవు, అంకెలే.
ఒకదాంట్లో వట్టి ఉప్పునీరు.
ఒకదాంట్లో ఇరవై నాలుగు పూసల దండ,
మెదడు కింద శనగగింజంత గ్రంథి గుచ్చే దండలో ఒక ముక్క.
మూడోది పధ్నాలుగు పూసలది,
మొదట ఒక కప్ప తోలులో దొరికిందట.
పుర్రెలో ముందే అమర్చిన సన్నగొట్టంలోంచి
లోపలి నీటిమడుగులోకి చుక్కలో చుక్క దించుతాం.
ఏది ఏదో డాక్టర్ ఫాన్ హెమ్మెన్‌కు తెలుసు.
నాకు తెలియకూడదు.

తెలిసిపోతుంది.

దండ దిగిన కాసేపటికి
ముంగాళ్ళు రెండూ నోటి దగ్గరికొస్తాయి.
నాకి, తడిపి,
ముక్కు మీదుగా, మీసాల మీదుగా, చెవుల వెనక్కి,
అక్కణ్ణుంచి డొక్క, పొట్ట, తొడ, చిట్టచివర తోక.
వరస తప్పదు.
తోక కొసకు చేరాక మళ్ళీ ముక్కు.
ఎక్కడా మురికి లేదు. పెట్టె పొద్దున నేనే కడిగాను.
గీత, గీత, గీత, గీత.

కప్ప మందు తీరే వేరు.
అది కడుక్కోనివ్వదు.
వెనక్కాలు మెడ మీదికి లేస్తుంది,
ఇక కాలు కనపడదు, చప్పుడే.

"ఏ మడుగులోనో బతికిన కప్ప తోలు మీది మాట
ఎలుకకెలా అర్థమైంది?" అనడిగాను.
"పాత భాష, చిట్స్కే," అన్నాడు డాక్టరు పైపు వెలిగిస్తూ,
"అది మరిచిపోయిన ప్రాణి ఉన్నట్టు లేదు."

ఎదురింట్లో శ్రీమతి ఓస్టర్‌హౌస్.
భర్త పడవతో పాటు ఏప్రిల్లో వెళ్ళాడు, పడవ ఒక్కటే తిరిగొచ్చింది.
అప్పట్నుంచీ ప్రతి సాయంత్రం
గుమ్మం ముందు రాతిమెట్టు తోముతుంది.
వానలో కూడా.
ఒకరోజు టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి
నాకు తెలియకుండానే మొదలుపెట్టాను.
గీత. గీత. గీత.
చుక్క, వీధి చివరికి చూసింది.
గీత.
పరదా లాగేసుకున్నాను.
టీ చల్లారిపోయింది.

వారాంతాన అంకెల ముడి విప్పారు.
ముప్పై ఒకటో నంబరు ఎలుక, నూట పన్నెండు గీతలది,
దండే అని నేను పందెం కాసిన ఎలుక,
దానికి దిగింది ఉప్పునీరు.

నా లెక్క తప్పనుకున్నాను.
డాక్టరు కాగితం రెండుసార్లు చదివాడు.
"పెట్టె కొత్త కదా దానికి," అన్నాడు.
"భయమేస్తే కూడా కడుక్కుంటాయి.
మనం ఇవ్వలేదు. దాని దగ్గరే ఉంది."

సోమవారం నుంచి కొత్త నియమం.
ప్రతి ఎలుకనూ వారం రోజుల ముందునుంచే
రోజుకి పావుగంట చేతుల్లో పట్టుకుని కూర్చోవాలి.
ఆ పావుగంటలకు జీతం లేదు.
మొదటిరోజు ముప్పై ఒకటి నా బొటనవేలు కొరికింది.
మూడోరోజు నా స్వెట్టర్ చేతిలోకి దూరి
మోచేతి దగ్గర ముడుచుకుంది.
టిక్కు యంత్రం బల్ల మీద దానంతటది మోగుతోంది.
వినలేదు.

ఆ సాయంత్రం గట్టి వాన.
గొడుగు తీసుకుని వీధి దాటాను,
వంగిన ఆ వీపు మీద పట్టాను.
ఏమనాలో రాలేదు.
పావుగంట ఉండుంటానేమో.
ఆమె తలెత్తి నా బూట్లవైపు చూసింది.
"కాస్త అటు జరుగు," అంది,
"తోమిన చోటే నిలబడ్డావు."