దీపాల గది కిటికీ

తెల్లవారుజాము నాలుగున్నరకి
నాకు మనుషులు కనపడరు, చేతులే.
ఇత్తడి బిళ్ల లోపలికొస్తుంది, దీపం బయటికెళ్తుంది.
నూట పన్నెండు: లుడ్విక్, గోల్ కీపరు,
ఎడమ చేతికి చిటికెన వేలు లేదు.
రెండొందల ఆరు: గాస్తోన్, లెఫ్ట్ వింగు,
బిళ్లని ఒకసారి గాల్లోకి ఎగరేస్తే గాని ఇవ్వడు.

ఈ ఏడు ఫ్రాన్స్ కప్పులో
మా తొమ్మిదో నెంబరు గని జట్టు ఆరు రౌండ్లు దాటింది.
ఏడో రౌండుకి రేడియోలో చీటీ తీస్తుంటే
మంగలి సగం గడ్డం దగ్గర కత్తి ఆపేశాడట.

"లీగులో ఓడితే ఇంకో ఆదివారం ఉంటుంది,
కప్పులో ఉండదు" అని మా ఆయన నాకు పాఠం చెప్పాడు.
ఇంకో ఆదివారం ఉంటుందని
గనిలో దిగేవాడికి ఎవరు రాసిచ్చారు?
పైకి అనలేదు. సూప్ వడ్డించాను.

ఆట రోజు ఊరంతా తెల్లగా మంచు,
బొగ్గు రాళ్ల గుట్ట ఒక్కటే నల్లగా.
లోపల ఇంకా కాలుతుంటుంది, దాని మీద మంచు నిలవదు.
టికెట్టు లేని పిల్లలు
ఆ వెచ్చని రాళ్ల మీద కూచుని చూశారు.

పక్కింటి బోనిఫాట్సీకి మెట్లు దిగే ఊపిరి లేదు.
ముప్పై ఏళ్ల ధూళి రొమ్ములో ఉంది.
తన రెండు పావురాల్ని బుట్టలో పెట్టి
ఎద్మోన్ గాడితో మైదానానికి పంపాడు,
సగం ఆటకి ఒకటి, ఆఖరికి ఒకటి.

మొదటి పావురం కాలికి: ఒకటి, సున్నా. మనది.
ముసలాయన గోడ మీద కర్రతో కొట్టాడు,
మా ఇంట్లో పళ్లేలు గలగలమన్నాయి.

రెండోది చీకటి పడ్డాక వచ్చింది.
నాలుగు గోల్స్ తిన్నామని రాయడానికి
పదేళ్లవాడికి చెయ్యాడలేదు.
"ఇంకా ఆడుతున్నారు" అని రాశాడు.
ఆయన చదివి, కాగితం మడిచి,
పావురానికి గింజలు ఎక్కువే వేశాడట.
అడగలేదు. మేమూ చెప్పలేదు.

సోమవారం, నాలుగున్నర.
చేతులొస్తున్నాయి, మాటల్లేవు.
లుడ్విక్ అరచేయి వాచి ఉంది.
గాస్తోన్ బిళ్ల ఎగరెయ్యకుండా
చెక్క మీద పెట్టి తోశాడు.

ఏం పుట్టిందో, నేనే ఎగరేశాను.
పట్టుకోలేకపోయాను.
అది దీపాల బల్ల కిందకి దొర్లిపోయింది.
వరుస ఆగింది.
చీకట్లో వెనక నుంచి ఎవరో
"గోల్!" అని అరిచారు.

నవ్వుతూ పంజరంలోకి ఎక్కారు, కిందికి పోయారు.
నేను మోకాళ్ల మీద కూచుని
చీపురు పుల్లతో వెతికాను.
రెండొందల ఆరో మేకు ఖాళీగా ఉంది,
వాళ్లు పైకొచ్చేలోగా
అక్కడ అది ఉండాలి.